తొడుగు మీద మూడు కుట్లు

“కింద పడింది,” అన్నాడు సర్వీసు సెంటరు ఇంజినీరు, లాప్‌టాప్‌ని బల్ల మీద బోర్లా పెట్టి.

“పడలేదండీ,” అంది కోడలు.

“పడకపోతే ఈ మూల ఎందుకు పగులుతుంది మేడమ్? అడుగు మూత ఇంతలా ఎందుకు విడిపోతుంది?” అతను పగులు పక్కన చిన్న స్కేలు పెట్టి ఒక ఫొటో తీశాడు. తిప్పి ఇంకొకటి తీశాడు. “లోపల బ్యాటరీ కూడా ఉబ్బింది. దెబ్బ తగిలితే ఉబ్బుతుంది. దెబ్బ తగిలినదానికి వారంటీ ఉండదు.”

వారంటీ కార్డు ఆమె చేతిలోనే ఉంది. ఏడాది వారంటీలో పది నెలలే అయింది. కొన్న రోజునే ఆ కార్డునీ బిల్లునీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో బట్టల కింద దాచింది. అంత జాగ్రత్తా కాగితాలకి పనికొచ్చింది గానీ వస్తువుకి పనికిరాలేదు.

“ముందు బ్యాటరీ ఉబ్బి, దానివల్ల మూల పగిలి ఉండొచ్చు కదా?”

ఇంజినీరు తలెత్తి ఆమెను చూశాడు. అలా అడిగేవాళ్లు తక్కువేమో. “ఉండొచ్చు,” అన్నాడు. “కానీ ఏది ముందో ఏది తర్వాతో ఇప్పుడు చూసి చెప్పలేం. పగులుంటే దెబ్బ అని రాయాలని మాకు రూలు. రాసి పైకి పంపుతాను. రెండు రోజుల్లో చెప్తారు.”

“వాళ్లేం చెప్తారు?”

“నేను రాసిందే చెప్తారు,” అన్నాడు మొహమాటం లేకుండా.

రసీదు ఇస్తూ గొంతు కాస్త తగ్గించాడు. “ఇంట్లో ఎవరో పడేసి చెప్పి ఉండరు మేడమ్. మా దగ్గరికొచ్చేవాటిలో సగం అవే. అడిగితే ఎవరూ ఒప్పుకోరు.” ఓదార్పుగానే అన్నాడు పాపం. ఆ మాట మాత్రం ఆమెతోపాటే బస్సెక్కి ఇంటికొచ్చింది.

ఆమెను వీధిలో అందరూ కోడలనే అంటారు. పెళ్లయి పదహారేళ్లయింది, మొగుడు టైలరు, అయినా టైలరు భార్య అన్నవాళ్లు లేరు. కుట్టు దుకాణం పెట్టింది అత్తగారు, ఆ వీధిలోకి అందరికంటే ముందొచ్చింది అత్తగారు. అందుకని ఆ ఇంట్లో ఎవరినైనా ఆవిడ నుంచే లెక్కపెడతారు. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. చివరి గదిలో కిటికీ పక్కన కోడలి బల్ల. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగుల్ని చూసి రికార్డరులో చెప్పిన మాటలు విని టైపు చెయ్యడం ఆమె పని. డాక్టర్లు నడుస్తూ చెప్తారు, తింటూ చెప్తారు, ఆవలిస్తూ చెప్తారు. ఆమె మాత్రం ఒక్క మందు పేరు తప్పు కొట్టకూడదు. ఎనిమిదేళ్లుగా కొట్టలేదు.

లాప్‌టాప్ లేకపోతే ఆ పని లేదు. ఫైళ్లు పంచే సూపర్‌వైజరు ఫోన్లో మంచిగానే మాట్లాడింది. “వచ్చే సోమవారం దాకా మీ ఫైళ్లు తలా కాస్త సర్దుతానండీ. ఆ తర్వాత మీ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు.”

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కోడలు శనివారం పొద్దుటి సంగతి మళ్లీ మళ్లీ తలుచుకుంది. అత్తగారు ఎప్పట్లాగే బల్ల తుడవడానికి వచ్చింది. తొడుగులో ఉన్న లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి మంచం మీద పెట్టింది, బల్ల తుడిచింది, మళ్లీ తెచ్చి పెట్టింది. అదంతా కోడలు చూడలేదు, వంటింట్లో ఉంది. అరగంట తర్వాత వచ్చి తొడుగులోంచి లాగితే మూల పగిలి ఉంది. తెర వెలగలేదు.

అత్తగారి చేతులు రెండేళ్లుగా వణుకుతున్నాయి. ఈ రెండేళ్లలో రెండు కప్పులూ ఒక అద్దమూ ఆ చేతుల్లోంచి జారాయి. ఇంట్లో ఎక్కడ ఏ చప్పుడైనా ముందు ఆవిడ చేతులవైపు చూడటం అందరికీ అలవాటైపోయింది, ఆవిడతో సహా.

ఆ సాయంత్రం అత్తగారు తడిగుడ్డ పట్టుకుని చివరి గదిలోకి వస్తుంటే కోడలు గుమ్మంలోనే ఎదురైంది.

“అత్తయ్యా, ఇకమీదట నా బల్ల మీరు తుడవకండి. నేనే తుడుచుకుంటాను.”

అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. పెంచి ఉంటే అత్తగారూ నాలుగు మాటలు అనేది, అక్కడికి చెల్లుకు చెల్లయ్యేది. ఆవిడ చేతిలో గుడ్డవైపు ఒకసారి చూసుకుని, “సరే అమ్మాయ్,” అని వెనక్కి తిరిగింది.

*

మంగళవారం నుంచి దుకాణంలో పని కుంటుపడింది. ఒక హోటలు వాళ్లకి పన్నెండు యూనిఫాం కోట్లు కుట్టి ఇవ్వాలి. కత్తిరింపూ మిషను కుట్టూ టైలరువి. కాజాలు, గుండీలు, అంచు మడతలు, అంటే సూది పట్టి చెయ్యాల్సిందంతా అత్తగారిది. వణికే చేతులతో ఎలా కుడుతుందని కొత్తవాళ్లకి అనుమానం. చెయ్యి గాల్లో ఉంటే వణుకుతుంది. మణికట్టు బల్ల అంచుకి ఆనించి, చిటికెన వేలు గుడ్డ మీద మోపితే వణకదు. ఆ కిటుకు ఆవిడ తనంతట తానే కనిపెట్టుకుంది, ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇప్పుడు పన్నెండు కోట్లూ గుండీలు లేకుండా కొక్కేలకి వేలాడుతున్నాయి. అత్తగారు గోడవైపు స్టూలు మీద కూర్చుని దారపు ఉండలు రంగులవారీగా సర్దుతోంది. అవి సర్దే ఉన్నాయి.

“అమ్మా, కాజాలు?” అన్నాడు టైలరు.

“నువ్వే వేసుకోరా. నా చేతులు పాడైపోయాయి. వాళ్ల కోటు చింపి కూర్చుంటే ఏం సమాధానం చెప్తావు?”

అతను అర్థంకాక భార్యవైపు చూశాడు. ఆమెకి అర్థమై పక్కకి చూసింది.

ఆ రోజు నుంచే ఆవిడ కప్పు మానేసి స్టీలు గ్లాసులో టీ తాగడం మొదలుపెట్టింది. అదీ సగం గ్లాసు. నిండుగా పోస్తే, “తియ్యమ్మా, ఒలికిపోతుంది,” అని వెనక్కి ఇచ్చేది. కోడలు సగం వంచేసి మళ్లీ ఇచ్చేది. నోరు జారి అన్న మాటైతే వెనక్కి తీసుకోవచ్చు. ఆలోచించుకుని, బస్సులో అరగంట పొందిగ్గా అమర్చుకుని అన్న మాటని ఎలా తీసుకోవాలో ఆమెకి తెలియలేదు.

బుధవారం కంపెనీ నుంచి జవాబొచ్చింది. ‘బాహ్య దెబ్బ కారణంగా ఈ పరికరానికి వారంటీ వర్తించదు. మా సేవలను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు.’ మొదటి వాక్యం కంటే రెండోదానికి ఆమెకి ఒళ్లు మండింది. వెళ్లి లాప్‌టాప్ వెనక్కి తెచ్చుకుంది.

గురువారం పొద్దున అత్తగారు చెప్పులేసుకుని, చేతిసంచీ భుజాన తగిలించుకుని వచ్చి నిలబడింది.

“పద అమ్మాయ్.”

“ఎక్కడికత్తయ్యా?”

“ఆ సర్వీసు సెంటరుకి. నేను పడేశానని కాగితం రాసిస్తాను. పెద్దదాన్ని, చేతులు వణుకుతాయి, కావాలని చెయ్యలేదంటే వింటారేమో. నీ పని పోకూడదు కదా.”

“మీకు పడేసినట్టు గుర్తుందా?”

అత్తగారు కాసేపు నిజాయితీగా ఆలోచించింది. “గుర్తులేదు. కానీ పడేసే ఉంటాను. నేను కాకపోతే ఇంకెవరు పడేస్తారు?”

కోడలు ఆ సంచీవైపు చూసింది. ఎవరో ఇంజినీరు ఒక రూలు చూసి ఒక మాట రాశాడు. దాన్ని మోసుకొచ్చి ఈ మనిషి నెత్తిన పెట్టింది తను. ఈవిడేమో దాన్ని దించుకోకపోగా, గుర్తులేని తప్పుకి సంతకం పెట్టడానికి సంచీ తగిలించుకుని బయల్దేరింది. కోడలికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“కూర్చోండత్తయ్యా. ఇవాళ వద్దు,” అని లోపలికొచ్చేసింది. చేతులకి ఏదో ఒక పని కావాలని, కుర్చీ మీద ఖాళీగా పడున్న తొడుగు తీసి మడతపెట్టబోయింది.

అది టైలరు మిగిలిన కోటు గుడ్డతో కుట్టినది. లోపల మెత్తటి గుడ్డ వేశాడు. ఆ ఇంట్లో నలుచదరంగా ఉన్న వస్తువేదీ తొడుగు తప్పించుకోలేదు. రేడియోకి ఉంది, మిక్సీకి ఉంది. గోడ మీద కరెంటు మీటరుకి కూడా కొలత తీస్తుంటే అత్తగారు గదమాయించి ఆపింది. కోడలు తొడుగుని కిటికీ దగ్గర దులిపితే వెలుతురుకి పక్క కుట్టు కనిపించింది. ఇప్పుడున్న కుట్టుకి లోపలగా సూది రంధ్రాల వరస ఒకటి ఉంది. దానికింకా లోపలగా మరొకటి ఉంది. పదహారేళ్లు టైలరుతో కాపురం చేసిన మనిషికి అది చదవడం రాకపోదు. రెండుసార్లు విప్పి, రెండుసార్లు వదులు చేసిన కుట్టు అది.

తొడుగు పట్టుకుని దుకాణంలోకి వచ్చింది. “దీన్నెప్పుడు విప్పారు?”

టైలరు మిషను ఆపి మెడలో టేపు సర్దుకున్నాడు. “దేన్నీ?”

“దీన్నే. రెండుసార్లు.”

“అదా. గుడ్డ కాస్త ముడుచుకుంది.”

“దీన్ని ఎప్పుడైనా ఉతికామా?”

“లేదు.”

“ఉతక్కుండా ఎలా ముడుచుకుందండీ?”

టైలరు మిషను కింద గుడ్డ సర్దాడు. స్టూలు మీద అత్తగారు దారపు ఉండ పక్కన పెట్టి కొడుకు మొహంలోకి చూసింది. “ఒరే, అది మనం కస్టమర్లకి చెప్పే మాట కదరా,” అంది.

నిజమే. చొక్కా బిగుతైందని తెచ్చిన మనిషితో ‘మీకు ఒళ్లొచ్చింది’ అని ఆ దుకాణంలో ఎవరూ అనరు. గుడ్డ ముడుచుకుందంటారు, నవ్వుతూ తీసుకుంటారు, కుట్టు విప్పి వదులు చేసి ఇస్తారు. మిషను తొక్కడం కంటే ముందు అత్తగారు కొడుక్కి నేర్పిన పాఠం అదే. ముప్పై ఏళ్లు మనుషులతో అలా మాట్లాడి మాట్లాడి, ఒక వస్తువు లావెక్కినా అతనికి ఆ మాటే నోటికొచ్చింది.

“మొదటిసారి బిగుతైనప్పుడు నా కొలతే తప్పిందనుకున్నాను,” అన్నాడు చివరికి. “ఇంట్లో వస్తువుకే కొలత తప్పానంటే తల కొట్టేసినట్టైంది. నువ్వు చూడకముందే వదులు చేసి పెట్టాను. మళ్లీ బిగుతైంది. మళ్లీ చేశాను.”

“కొలిచారా, ఊరికే వదులు చేశారా?”

ఆ ప్రశ్నకి మాత్రం అతనికి కోపమొచ్చింది. “కొలవకుండా కుట్టు విప్పుతానా నేను?”

అరలోంచి కొలతల పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. ‘ఇంటి లాప్‌టాప్’ అని పైన రాసి ఉంది. కింద మూడు తేదీలు. కుట్టిన రోజున మధ్యలో మందం ముప్పావు అంగుళం. రెండు నెలల కింద, అంగుళం. మూడు వారాల కింద, అంగుళంపావు.

కోడలు ఆ అంకెలు చూస్తూ నిలబడిపోయింది. ఈ మధ్య తొడుగులోంచి లాగాలంటే బల్లకి మోకాలు ఆనించాల్సి రావడం, మౌసు పలక వేలికి ఎత్తుగా తగలడం, దుమ్ము చేరిందనుకుని దాన్ని ఊదడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఉబ్బుతున్న దాని మీదే రెండు నెలలు చేతులు పెట్టుకుని పని చేసింది. శనివారం దాన్ని ఇరుకు తొడుగులోంచి బలంగా లాగిందీ తనే. మూల పగలడానికి ఎవరి చెయ్యైనా సాయపడి ఉంటే అది వణికే చెయ్యి కాదు. ఆ మాట అక్కడే పైకి అనాల్సింది. నోరు రాలేదు.

“రేపు ముగ్గురం వెళ్దాం,” అంది.

*

శుక్రవారం టోకెన్ తీసుకుని గంటసేపు కూర్చున్నాక వాళ్ల వంతు వచ్చింది. ఇంజినీరు గుర్తుపట్టి నిట్టూర్చాడు. “మేడమ్, జవాబొచ్చేసింది కదా.”

“ఏది ముందో తెలిస్తే మారుస్తారా?” అంది కోడలు. పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది.

అతను మొదట మర్యాదకి చూశాడు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. “ఇందులో పొడవు, వెడల్పు, మందం ఉన్నాయి. ఈ నడుమేంటి సార్?”

“మధ్య కొలతండీ,” అన్నాడు టైలరు. “అంచుల దగ్గర మందం వేరు, మధ్యలో వేరు. మధ్య కొలతకి మా పనిలో వేరే పేరు లేదు.”

“మధ్యలోనే పెరిగిందా?”

“అంచులు మొదట్లో కదల్లేదు. నడుమే పెరిగింది. మూడోసారికి అంచులు కూడా విచ్చుకున్నాయి.”

ఇంజినీరు ఆ వరుస మీద వేలు పెట్టి పైనుంచి కిందకి జరిపాడు. బ్యాటరీ ఉండేది సరిగ్గా అక్కడే. “ఇవి మీరు నిన్న కూర్చుని రాసినవి కావని పైవాళ్లు ఎలా నమ్ముతారు?” అన్నాడు. నిలదియ్యడానికి అడగలేదు, అతనే దారి వెతుకుతున్నాడు.

టైలరు తొడుగు తిరగేసి రంధ్రాల వరసలు చూపించాడు. ఎండకి రంగు వెలిసిన చోటు, వెలవని చోటు, దుమ్ము పట్టిన గీత. అది మొదటి కుట్టు, ఇది రెండోది, ఇది ఇప్పటిది అని వివరించాడు. కోడలి చూపు అమ్మకాల బల్ల మీద నమూనాగా పెట్టిన లాప్‌టాప్ మీద పడింది. తమదాని రకమే.

“మొదటి కుట్టు మళ్లీ వేస్తే తొడుగు దానికి సరిపోవాలి కదండీ?”

టైలరు చొక్కా మడతలోంచి సూది తీశాడు, జేబులోంచి దారం తీశాడు. దారం ఎక్కించి, అలవాటుకొద్దీ పక్కకి తిరిగి తల్లికి అందించాడు. ఆ ఇంట్లో సూదిపని ఆవిడది, అతను ఇంకేమీ ఆలోచించలేదు.

అత్తగారు అందుకోలేదు. “నా చెయ్యి చూస్తున్నావు కదరా.”

“పాత రంధ్రాల వెంటే పో అమ్మా. కొత్తవి పెట్టకు.”

చేతివేళ్లు వణుకుతున్నాయి, కౌంటరు వెనక అమ్మాయి కూడా చూస్తోంది. అత్తగారు మణికట్టుని కౌంటరు అంచుకి ఆనించింది. చిటికెన వేలు గుడ్డ మీద మోపింది. సూది మొన మొదటి రంధ్రం వెతుక్కుని దిగింది. ఆ తర్వాత ఆవిడ ఎవరినీ చూడలేదు. దూరం దూరంగా కుట్లు వేసుకుంటూ, ఒక్కో రంధ్రాన్నీ గోటితో తడిమి చూసుకుంటూ పోయింది. వరసలో వెనకున్న ఒకాయన, “ఇక్కడ బట్టలు కూడా కుడతారా?” అని విసుక్కున్నాడు. కాసేపటికి ఆయనా ముందుకొచ్చి చూడటం మొదలుపెట్టాడు. పది నిమిషాలు పట్టింది.

ఇంజినీరు స్వయంగా నమూనా లాప్‌టాప్ తెచ్చి తొడుగులోకి జార్చాడు. వేలు పట్టేంత సందుతో చక్కగా కూర్చుంది. దాన్ని తీసి ఉబ్బినదాన్ని పెట్టబోతే సగం కూడా వెళ్లలేదు. రెండిటికీ ఫొటోలు తీశాడు. పుస్తకం పేజీకి తీశాడు. మూడు వరసలకీ స్కేలు పెట్టి తీశాడు. పాత రిపోర్టు తెరిచి, ‘బాహ్య దెబ్బ’ అన్నచోట కొట్టేసి, ‘ముందు బ్యాటరీ ఉబ్బు, దానివల్ల పగులు’ అని టైపు చేశాడు.

“ఇప్పుడు వాళ్లేం చెప్తారు?” అంది కోడలు.

ఈసారి అతనికి కొంచెం నవ్వొచ్చింది. “నేను రాసిందే చెప్తారు మేడమ్.”

అదే చెప్పారు. లోపల బోర్డు కూడా వంగిపోయింది, బాగుచెయ్యలేము, మార్చి కొత్తది ఇస్తామని శనివారం సాయంత్రం జవాబొచ్చింది. ఆ ఉత్తరం చూపిస్తే సూపర్‌వైజరు బుధవారం దాకా ఆగడానికి ఒప్పుకుంది. ఆ ఉత్తరం కింద కూడా కంపెనీవాళ్లు ధన్యవాదాలు చెప్పారు గానీ, ఈసారి కోడలికి ఒళ్లు మండలేదు.

*

కొత్త లాప్‌టాప్ మంగళవారం వచ్చింది. టైలరు దాన్ని పెట్టెలోంచి తియ్యగానే టేపుతో కొలిచి పుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టాడు.

“ఇది లావెక్కితే మొహమాటపడకుండా నాతో చెప్పండి,” అంది కోడలు.

“చెప్తాను. నెలనెలా చూస్తాను,” అన్నాడు అతను గంభీరంగా.

అత్తగారు పదకొండో కోటుకి గుండీలు కుడుతోంది. కోడలు వెళ్లి ఆవిడ ఎదురుగా చిన్న పీట మీద కూర్చుంది. గురువారం నుంచి నోట్లో నానిన మాట ఇంక ఆగలేదు.

“ఆ శనివారం దాన్ని బలంగా లాగింది నేనే అత్తయ్యా. పగిలితే నా చేతిలోనే పగిలి ఉంటుంది. మీ మీద పెట్టాను. తప్పు చేశాను.”

“నువ్వేమన్నావు? బల్ల తుడవద్దన్నావు. అంతేగా.” అత్తగారు గుండీ చుట్టూ దారం మూడు చుట్లు తిప్పి ముడివేసింది. కత్తెర పక్కనే ఉన్నా దారం పంటితో కొరికింది. “నువ్వు అనుకున్నందుకు కాదు అమ్మాయ్ నాకు. నేను కూడా నమ్మేశాను చూడు. ఇన్నేళ్లు నాకు పని చేసి పెట్టిన చేతులు. మీరు పడేశారా అని వాటిని ఒక్కమాట అడగలేదు. అదీ నా బాధ.”

కోడలు లేచింది. పన్నెండో కోటు తీసి ఆవిడ ఒళ్లో వేసింది.

మర్నాడు పొద్దున ఆమె హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని పనిలో కూర్చుంది. ఒక డాక్టరు మెట్లెక్కుతూ ఆయాసపడుతూ ఎవరి గుండె గురించో చెప్తున్నాడు. గుమ్మం దగ్గర ఏదో కదిలినట్టై తల తిప్పింది. అత్తగారు తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు, వెళ్లడమూ లేదు.

కోడలు డాక్టర్ని మెట్ల మీదే ఆపేసి, లాప్‌టాప్ మూసి తొడుగులో పెట్టి లేచింది. “టీ పెడతానత్తయ్యా,” అని ఆవిడ పక్కనుంచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్టవ్ దగ్గర నిలబడి వింది. మంచం కిర్రుమంది. తడిగుడ్డ బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత తొడుగులోని లాప్‌టాప్ అంచు బల్ల చెక్కకి టపటపమని రెండుసార్లు తగిలింది. గుమ్మం దాకా వెళ్లి చూడాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంది. వెళ్లలేదు. స్టీలు గ్లాసు తీసి అరలో వెనక్కి పెట్టేసి, రెండు కప్పులు దించి, అత్తగారి కప్పు నిండా టీ పోసింది.